స్థిర, చర వ్యయాల విభజన: చారిత్రక పరిశీలన

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• వ్యయాలను స్థిర, చర వ్యయాలుగా విడదీయవలసిన అవసరం ఏ పరిశ్రమల్లో, ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
• ఈ విభజన చరిత్రలోని ముఖ్యమైన రచయితలను, వారు ఎదుర్కొన్న సమస్యలను గుర్తించగలుగుతారు.
• పూర్తి వ్యయ పద్ధతిలోను, ఉపాంత వ్యయ పద్ధతిలోను లాభం ఎందుకు వేరువేరుగా వస్తుందో లెక్కవేసి చూపగలుగుతారు.
• అత్యధిక-అత్యల్ప పద్ధతిని ఉపయోగించేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

2. పరిచయం

ఉత్పత్తి పరిమాణం మారినా మొత్తం మీద మారనిది స్థిర వ్యయమనీ, ఉత్పత్తితో పాటు అదే నిష్పత్తిలో మారేది చర వ్యయమనీ, కొంత మారుతూ కొంత మారకుండా ఉండేది అర్ధ చర వ్యయమనీ వ్యయాల వర్గీకరణ పాఠంలో మీరు చదివారు. ఫ్యాక్టరీ అద్దె, ముడిపదార్థం, టెలిఫోన్ బిల్లు అనే మూడు ఉదాహరణలు మీకు ఈపాటికి కంఠస్థమై ఉంటాయి.

నేను నిర్వహించిన కౌన్సెలింగ్ తరగతుల్లో దాదాపు ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు లేచి ఒకే ప్రశ్న అడిగేవారు: "సార్, కార్మికుడికిచ్చేది స్థిర వ్యయమా, చర వ్యయమా?" ప్రత్యక్ష కూలి చర వ్యయం అని పుస్తకంలో ఉంది కదా అంటే, అడిగిన విద్యార్థి పగలు మిల్లులో పనిచేసి ఆదివారం తరగతికి వచ్చినవాడైతే ఆ జవాబుతో తృప్తిపడేవాడు కాదు. "మా మిల్లులో మగ్గం నడిచినా, ఆగినా పర్మనెంటు వాళ్లకు నెల జీతం వస్తుంది కదా సార్" అనేవాడు. ఆ సందేహం న్యాయమైనదే. దానికి నిర్వచనాల్లో జవాబు దొరకదు, చరిత్రలో దొరుకుతుంది.

ఈ పాఠంలో మీరు గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటే. ఒక ఖర్చు స్థిరమా, చరమా అన్నది ఆ ఖర్చు నుదుటన రాసి ఉండదు. ఎవరు, ఏ నిర్ణయం కోసం, ఎంత కాలానికి, ఎంత ఉత్పత్తి పరిధిలో అడుగుతున్నారో దానిని బట్టి జవాబు మారుతుంది. గత 175 సంవత్సరాలలో ఈ విభజన చేసిన ప్రతి ఒక్కరి ముందూ ఏదో ఒక నిర్దిష్టమైన చిక్కు ఉంది. ఆ చిక్కును తెలుసుకుంటే వారి పద్ధతి దానంతట అదే అర్థమవుతుంది.

3. రైల్వేలు: మొదటి ప్రశ్న

చేతివృత్తుల కాలంలో ఈ విభజన అవసరం పెద్దగా లేదు. నేతగాని ఖర్చులో అధిక భాగం నూలు, కూలి. గుడ్డ నేస్తే ఖర్చు, నేయకపోతే లేదు. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన రైల్వేలు ఈ పరిస్థితిని తలకిందులు చేశాయి. ఒక్క రైలు నడవకముందే భూమి, పట్టాలు, వంతెనలు, స్టేషన్ల మీద అపారమైన పెట్టుబడి పెట్టాలి. ఆ తరువాత రోజుకు రెండు రైళ్లు నడిపినా, ఇరవై నడిపినా ఆ పెట్టుబడిపై వడ్డీ మారదు.

డయొనీషియస్ లార్డ్‌నర్ 1850లో 'రైల్వే ఎకానమీ' అనే గ్రంథం ప్రచురించారు. రైల్వే ఖర్చులలో రాకపోకలతో పాటు పెరిగేవి, పెరగనివి అనే తేడాను ఆయన స్పష్టంగా చూపారు. ఛార్జీ పెంచితే రాకపోకలు తగ్గుతాయి, తగ్గిస్తే పెరుగుతాయి. అలాంటప్పుడు ఏ ఛార్జీ దగ్గర లాభం అత్యధికమవుతుంది అన్నది ఆయన ప్రశ్న. మొత్తం ఖర్చును రైళ్ల సంఖ్యతో భాగిస్తే ఈ ప్రశ్నకు జవాబు రాదు. ఛార్జీ తగ్గించినందువల్ల అదనంగా వచ్చే రాబడిని, అదనంగా అయ్యే ఖర్చుతో మాత్రమే పోల్చాలి. ఉపాంత విశ్లేషణ అని ఈనాడు మనం పిలిచే ఆలోచనకు ఇది తొలి రూపాలలో ఒకటి.

ఆల్బర్ట్ ఫింక్ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లిన వంతెనల ఇంజనీరు. లూయీవిల్ అండ్ నాష్‌విల్ రైల్‌రోడ్‌లో ఉన్నతాధికారిగా 1874 ప్రాంతంలో ఆయన ఖర్చులను నాలుగు తరగతులుగా విడదీశారు. మొదటిది, రాకపోకల పరిమాణంతో నిమిత్తం లేని మార్గ నిర్వహణ, సాధారణ పర్యవేక్షణ. రెండవది, సరుకు పరిమాణాన్ని బట్టి మారే స్టేషన్ ఖర్చులు. సరుకు పది మైళ్లు పోయినా, వంద మైళ్లు పోయినా ఎక్కించి దించే ఖర్చు ఒకటే. మూడవది, రైళ్లు నడిచిన మైళ్లను బట్టి మారే ఖర్చులు. నాలుగవది, పెట్టుబడిపై వడ్డీ.

ఫింక్ 'స్థిరం, చరం' అనే రెండు గదులతో సరిపెట్టలేదని గమనించండి. ఖర్చు దేనితో మారుతుంది అన్నది ఆయన అడిగిన ప్రశ్న. సరుకుతో మారేది వేరు, దూరంతో మారేది వేరు. ఈ లెక్క ప్రకారం ఒక టన్ను సరుకును ఒక మైలు మోసే ఖర్చు, ఒకే కంపెనీకి చెందిన వేరువేరు శాఖా మార్గాలలో ఎంతో తేడాగా ఉందని తేలింది. అందువల్ల అన్ని మార్గాలకూ మైలుకు ఒకే రేటు నిర్ణయించడం సరికాదని ఆయన వాదించారు.

ఈ విభజనకు మరో ముఖం కూడా ఉంది. స్థిర వ్యయం ఎలాగూ తప్పదు కాబట్టి, చర వ్యయానికి మించి ఎంత వచ్చినా మంచిదే అని ప్రతి రైల్వే కంపెనీ అనుకుంటే ఏమవుతుంది? పోటీ కంపెనీలు ఒకరిని మించి ఒకరు రేట్లు తగ్గిస్తారు. 1870ల అమెరికాలో జరిగింది ఇదే. దీనిని ఆపడానికి కంపెనీలు కూటములు కట్టాయి. అలాంటి కూటములకు నాయకత్వం వహించింది ఆల్బర్ట్ ఫింకే. చివరకు 1887లో అమెరికా ప్రభుత్వం అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టం ద్వారా రైల్వే రేట్ల నియంత్రణకు పూనుకుంది. వ్యయ విభజన ఖాతా పుస్తకాలకే పరిమితమైన విషయం కాదని దీనినిబట్టి తెలుస్తుంది.

మన దేశంలో ఇదే ప్రశ్న వేరే రూపంలో కనిపించింది. 1849 నుండి రైల్వే కంపెనీలతో కుదిరిన ఒప్పందాల ప్రకారం వాటి పెట్టుబడికి 5 శాతం రాబడి లభించేలా హామీ ఇచ్చారు. రైలు నిండినా, ఖాళీగా నడిచినా వాటాదారుకు ఆ రాబడి తప్పదు. లోటును భారత ప్రభుత్వ ఆదాయం నుండి, అంటే ఇక్కడి పన్నుల నుండి పూడ్చేవారు. సికింద్రాబాద్-వాడి మార్గం 1874లో ప్రారంభమైంది. తరువాత దానిని నడిపిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులోని 'గ్యారంటీడ్' అనే మాట ఇలాంటి హామీనే సూచిస్తుంది. కంపెనీకి అది హామీ. ఖజానాకు అది రాకపోకలతో సంబంధం లేని స్థిర భారం. ఒకే మొత్తం, ఎవరి వైపు నుండి చూస్తున్నాం అన్న దానిని బట్టి పేరు మార్చుకుంది.

4. విద్యుత్తు: సిద్ధంగా ఉండడానికి అయ్యే ఖర్చు

మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండి. వాడిన యూనిట్ల ఛార్జీతో పాటు, యూనిట్లతో నేరుగా సంబంధం లేని ఛార్జీలు కూడా అందులో కనిపిస్తాయి. "వాడని దానికి ఎందుకు కట్టాలి?" అని చాలామంది విసుక్కుంటారు. ఈ ప్రశ్నకు 1892లో ఇంగ్లండుకు చెందిన జాన్ హాప్కిన్సన్ సమాధానం చెప్పారు.

ఆ రోజుల్లో విద్యుత్తు ముఖ్యంగా దీపాల కోసమే. సాయంత్రం కొద్ది గంటలు అందరూ ఒకేసారి దీపాలు వేస్తారు. ఆ కొద్ది గంటల గిరాకీకి సరిపడా యంత్రాలు, తీగలు, సిబ్బంది ఉండాలి. మిగిలిన సమయమంతా అవి సిద్ధంగా మాత్రమే ఉంటాయి. హాప్కిన్సన్ ఖర్చును రెండుగా చేశారు: అడిగిన క్షణంలో సరఫరా చేయడానికి సిద్ధంగా ఉండేందుకు అయ్యే ఖర్చు, నిజంగా సరఫరా చేసినప్పుడు అయ్యే బొగ్గు వంటి ఖర్చు. మొదటిది వినియోగదారుని గరిష్ఠ గిరాకీని బట్టి, రెండవది వాడకాన్ని బట్టి వసూలు చేయాలన్నారు. రెండు భాగాల టారిఫ్ అనే పద్ధతికి ఇదే మూలం.

సరిగ్గా వంద సంవత్సరాల తరువాత, కె.పి. రావు కమిటీ సిఫారసుల మేరకు, 1992 నుండి మన కేంద్ర ప్రభుత్వ రంగ థర్మల్ విద్యుదుత్పత్తి కేంద్రాలకు రెండు భాగాల టారిఫ్ అమలులోకి వచ్చింది. స్థిర ఛార్జీ ఒక భాగం, ఇంధనానికి సంబంధించిన చర ఛార్జీ మరొక భాగం. ఏ కేంద్రం నుండి ముందుగా విద్యుత్తు తీసుకోవాలి అనే రోజువారీ నిర్ణయానికి చర ఛార్జీ ఆధారం. స్థిర ఛార్జీ ఆ రోజు నిర్ణయంతో మారదు కాబట్టి దానిని ఆ పోలికలోకి తీసుకురాకూడదు. కానీ కొత్త కేంద్రంతో పాతిక సంవత్సరాల ఒప్పందం చేసుకోవాలా వద్దా అనే రోజున అదే స్థిర ఛార్జీ ముఖ్యమైన అంశం అవుతుంది. ఒప్పందంపై సంతకం చేయకముందు తప్పించుకోగలిగిన ఖర్చు, సంతకం చేసిన మరునాటి నుండి స్థిర వ్యయం. కాలం ఈ విభజనను ఎలా మారుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
అ) ఫింక్ విభజనలో స్టేషన్ ఖర్చులు దేనిని బట్టి మారుతాయి?
ఆ) హాప్కిన్సన్ చెప్పిన రెండు రకాల ఖర్చులు ఏవి?

5. ఫ్యాక్టరీ ఖాతాల్లోకి ప్రవేశం

1887లో ఎమిల్ గార్కే అనే విద్యుత్ పరిశ్రమ నిర్వాహకుడు, జాన్ మాంజర్ ఫెల్స్ అనే అకౌంటెంట్ కలిసి 'ఫ్యాక్టరీ అకౌంట్స్' అనే గ్రంథం రాశారు. వస్తువు తయారీ వ్యయంలో సంస్థ కార్యాలయ ఖర్చులను, పెట్టుబడిపై వడ్డీని కలపరాదని వారు వాదించారు. ఆ ఖర్చులు ఉత్పత్తి పరిమాణంతో పాటు మారవు. వాటిని వస్తువులకు పంచితే, ఉత్పత్తి తగ్గిన సంవత్సరంలో వస్తువు ఖరీదైనట్లు, పెరిగిన సంవత్సరంలో చౌక అయినట్లు కనిపిస్తుంది. నిజానికి వస్తువులో గాని, పనితనంలో గాని ఏ మార్పూ ఉండదు.

జర్మనీలో ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్ 1899లోనే ఈ విభజన గురించి రాశారు. మొత్తం వ్యయాన్ని స్థిర, చర భాగాలుగా విడదీయడానికి రెండు ఉత్పత్తి స్థాయిల మధ్య తేడాను ఉపయోగించే గణిత పద్ధతిని జర్మన్ పాఠ్యగ్రంథాలు ఆయన పేరుతోనే చెబుతాయి. 1928 మే 31న వియన్నాలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం పెద్ద చర్చ లేపింది. పరిశ్రమల్లో స్థిర వ్యయాల వాటా పెరిగిపోతున్నదనీ, గిరాకీ తగ్గినా సంస్థలు ఉత్పత్తి తగ్గించుకోలేక, ఉన్న స్థిర వ్యయాన్ని మరిన్ని వస్తువులపై పంచడానికి ఇంకా ఉత్పత్తి చేస్తాయనీ, చివరకు గుత్త కూటములుగా మారుతాయనీ, స్వేచ్ఛా పోటీ వ్యవస్థకు దీనివల్ల కాలం చెల్లుతుందనీ ఆయన హెచ్చరించారు. మరుసటి సంవత్సరమే ప్రపంచ ఆర్థిక మాంద్యం ఆరంభమైంది. ఆయన జోస్యాలన్నీ నిజం కాకపోయినా, స్థిర వ్యయం ఒక దేశపు ఆర్థిక విధానాన్నే ప్రభావితం చేయగలదని ఆ ఉపన్యాసం గుర్తు చేసింది.

అమెరికాలో జె. మారిస్ క్లార్క్ 1923లో 'స్టడీస్ ఇన్ ద ఎకనామిక్స్ ఆఫ్ ఓవర్‌హెడ్ కాస్ట్స్' ప్రచురించారు. మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ చదివే ప్రతి విద్యార్థికీ పరిచయం కావలసిన పుస్తకమిది. వేరువేరు ప్రయోజనాలకు వేరువేరు వ్యయాలు అన్నది దాని సారాంశం. ధర నిర్ణయించడానికి ఒక వ్యయం, అదనపు ఆర్డరు తీసుకోవడానికి మరొకటి, ఒక శాఖను మూసివేయడానికి ఇంకొకటి. 'అసలు వ్యయం ఎంత?' అనే ప్రశ్నకు, 'దేనికోసం?' అని ఎదురు ప్రశ్న వేయాలని క్లార్క్ మనకు నేర్పారు.

6. లాభనష్ట రహిత పటం, 1936 నాటి ప్రశ్న

విడదీసిన వ్యయాలను గ్రాఫు మీద గీసే అలవాటు కూడా క్రమంగా ఏర్పడింది. హెన్రీ హెస్ అనే ఇంజనీరు 1903లో 'ఇంజనీరింగ్ మ్యాగజైన్' అనే పత్రికలో ఇలాంటి పటాన్ని ప్రచురించారు. కొలంబియా విశ్వవిద్యాలయంలోని వాల్టర్ రౌటెన్‌స్ట్రౌఖ్ 1930లో వచ్చిన తన గ్రంథం ద్వారా లాభనష్ట రహిత పటానికి, అంటే బ్రేక్-ఈవెన్ చార్టుకు, విస్తృత ప్రచారం కల్పించారు. ఈ పటాన్ని తొలిదశలో అభివృద్ధి చేసినవారిలో ఇంజనీర్లు ఎక్కువగా ఉండడం గమనించదగిన విషయం.

అకౌంటెంట్లను కదిలించింది 1936 జనవరిలో జోనథన్ హారిస్ రాసిన వ్యాసం. అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కాస్ట్ అకౌంటెంట్స్ బులెటిన్‌లో అది వెలువడింది. 'గత నెల మనం ఎంత సంపాదించాం?' అని దాని శీర్షికకు అర్థం. అమ్మకాలు పెరిగిన నెలలో లాభం తగ్గిందేమిటని అధికారి అడిగితే అకౌంటెంట్ ఏమి చెప్పాలి? ఈ చిక్కును ఒక ఉదాహరణతో అర్థం చేసుకుందాం. ఇందులోని అంకెలు నేను పాఠం కోసం తయారు చేసినవి.

ఒక సంస్థ వస్తువు అమ్మకం ధర రూ. 120. యూనిట్‌కు చర వ్యయం రూ. 50. నెలకు స్థిర ఉత్పత్తి వ్యయం రూ. 6,00,000.
మొదటి నెల: ఉత్పత్తి 12,000 యూనిట్లు, అమ్మకం 8,000 యూనిట్లు.
రెండవ నెల: ఉత్పత్తి 8,000 యూనిట్లు, అమ్మకం 10,000 యూనిట్లు.

పూర్తి వ్యయ పద్ధతి: మొదటి నెల యూనిట్‌కు స్థిర వ్యయం రూ. 50, మొత్తం వ్యయం రూ. 100. అమ్మిన 8,000 యూనిట్లపై రూ. 20 చొప్పున లాభం రూ. 1,60,000. మిగిలిన నిల్వ 4,000 యూనిట్లు. రెండవ నెల యూనిట్‌కు స్థిర వ్యయం రూ. 75, మొత్తం వ్యయం రూ. 125. ముందు వచ్చిన సరుకు ముందు పోతుందనుకుంటే, అమ్మిన 10,000 యూనిట్ల వ్యయం: 4,000 × 100 = 4,00,000; 6,000 × 125 = 7,50,000; మొత్తం రూ. 11,50,000. అమ్మకాలు రూ. 12,00,000. లాభం రూ. 50,000.

ఉపాంత వ్యయ పద్ధతి: యూనిట్‌కు కాంట్రిబ్యూషన్ 120 - 50 = రూ. 70. మొదటి నెల 8,000 × 70 = 5,60,000; స్థిర వ్యయం 6,00,000; నష్టం రూ. 40,000. రెండవ నెల 10,000 × 70 = 7,00,000; స్థిర వ్యయం 6,00,000; లాభం రూ. 1,00,000.

అమ్మకాలు 2,000 యూనిట్లు పెరిగిన నెలలో పూర్తి వ్యయ పద్ధతి లాభం 1,60,000 నుండి 50,000కు పడిపోయింది. కారణం ఏమిటి? మొదటి నెల స్థిర వ్యయంలో రూ. 2,00,000 గోదాములోని 4,000 యూనిట్లలో దాక్కుంది. ఆ భారం రెండవ నెల నెత్తిన పడింది. రెండు నెలలూ కలిపితే పూర్తి వ్యయ పద్ధతి లాభం రూ. 2,10,000, ఉపాంత వ్యయ పద్ధతి లాభం రూ. 60,000. తేడా రూ. 1,50,000. ఇది రెండవ నెల చివర మిగిలిన 2,000 యూనిట్లలో రూ. 75 చొప్పున ఉన్న స్థిర వ్యయానికి సమానం.

ఇక్కడ అసలు ప్రమాదం గమనించండి. అమ్ముడుపోయినా పోకపోయినా ఉత్పత్తి పెంచితే పూర్తి వ్యయ పద్ధతిలో లాభం పెరిగినట్లు కనిపిస్తుంది. లాభాన్ని బట్టి మేనేజరుకు బోనస్ ఇచ్చే సంస్థలో గోదాము నిండుతుంది, నగదు అడుగంటుతుంది. హారిస్ ప్రతిపాదించిన డైరెక్ట్ కాస్టింగ్ పద్ధతి, అంటే మనం ఉపాంత వ్యయ పద్ధతి అంటున్నది, ఈ దారిని మూసివేస్తుంది.

7. విడదీయడం ఎలా? నా అనుభవం ఒకటి

స్థిర, చర వ్యయాలు వేరని ఒప్పుకున్న తరువాత, ఒకే పద్దులో కలిసి ఉన్న వాటిని విడదీయడం ఎలా అన్నది మిగులుతుంది. ఇందులో అతి సులభమైనది అత్యధిక-అత్యల్ప పద్ధతి. సులభమైనది కాబట్టే దానితో నేను పొరబడ్డాను. మీరు పొరబడకూడదని ఆ సంగతి చెబుతున్నాను.

నేను అధ్యాపకుడిగా చేరిన తొలి సంవత్సరాల్లో, తెలిసిన ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్ యజమాని జాబ్ వర్కుకు యంత్రగంట రేటు కట్టి పెట్టమని అడిగారు. కరెంటు, యంత్రాల నిర్వహణ పద్దు నాకు పంపారు. అంకెలను ఇక్కడ సరళం చేసి ఇస్తున్నాను.

ఏప్రిల్: 4,000 గంటలు, రూ. 1,40,000
మే: 5,000 గంటలు, రూ. 1,60,000
జూన్: 2,000 గంటలు, రూ. 1,30,000
జూలై: 4,500 గంటలు, రూ. 1,50,000
ఆగస్టు: 6,000 గంటలు, రూ. 1,80,000
సెప్టెంబరు: 5,500 గంటలు, రూ. 1,70,000

అత్యధికం ఆగస్టు, అత్యల్పం జూన్. వ్యయంలో తేడా 50,000. గంటల్లో తేడా 4,000. గంటకు చర వ్యయం రూ. 12.50. స్థిర వ్యయం 1,80,000 - 75,000 = రూ. 1,05,000. నేను ఇంటి దగ్గర కూర్చుని పది నిమిషాల్లో లెక్క తేల్చి ఇచ్చాను. దాని ఆధారంగా ఆయన నెలకు 1,000 గంటల పనికి ఏడాది ఒప్పందం చేసుకున్నారు.

జూన్‌లో యంత్రాలు ఎందుకు తక్కువ నడిచాయో నేను అడగలేదు. ఆ నెల వాటిని విప్పి వార్షిక మరమ్మతు చేశారు. ఆ మరమ్మతుకే రూ. 30,000 అయింది. షెడ్డులోని ఫోర్‌మన్‌ను అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేవాడు. ఆ మొత్తాన్ని తీసివేస్తే జూన్ వ్యయం రూ. 1,00,000. అప్పుడు తేడా 80,000. గంటకు చర వ్యయం రూ. 20, స్థిర వ్యయం రూ. 60,000. మిగిలిన ప్రతి నెలకూ ఈ సూత్రం సరిపోతుంది, మీరే సరిచూసుకోండి. నేను చెప్పిన రేటు గంటకు రూ. 7.50 తక్కువ. నెలకు రూ. 7,500, ఏడాదికి రూ. 90,000 ఆయన చేతి నుండి పోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ సంవత్సరం ఇద్దరు హెల్పర్లను తీసివేశారని తరువాత తెలిసింది. అప్పటి నుండి పద్దు చూసే ముందు షెడ్డు చూడడం అలవాటు చేసుకున్నాను.

ఈ లోపానికి విరుగుడు ఏమిటి? మొదట అన్ని నెలల అంకెలనూ గ్రాఫు మీద చుక్కలుగా పెట్టండి. వరుస తప్పిన చుక్క కంటికే కనిపిస్తుంది. అది ఎందుకు వరుస తప్పిందో పని జరిగే చోట విచారించండి. ఆ తరువాత కావాలంటే కనిష్ఠ వర్గాల పద్ధతితో గీత గీయండి. 1805లో లజాండ్ర్ ఖగోళ లెక్కల కోసం ప్రచురించిన ఈ పద్ధతి అన్ని చుక్కలనూ లెక్కలోకి తీసుకుంటుంది. అయితే కారణం విచారించకుండా జూన్ చుక్కను అలాగే ఉంచితే, ఈ గీత కూడా దాని వైపు కొంత వంగుతుంది.

గణాంక పద్ధతులను ఫ్యాక్టరీ వ్యయాలకు అన్వయించిన వారిలో జోయెల్ డీన్ ముఖ్యుడు. 1936లో ఫర్నిచర్ కర్మాగారంపై, 1941లో మేజోళ్ల మిల్లుపై, తోలు బెల్టుల కర్మాగారంపై ఆయన అధ్యయనాలు వెలువడ్డాయి. ఉపాంత వ్యయం మొదట తగ్గి తరువాత పెరుగుతుందని అర్థశాస్త్ర గ్రంథాలు వంపు గీతలు గీస్తుంటే, పరిశీలించిన పరిధిలో మొత్తం వ్యయం దాదాపు సరళరేఖలోనే ఉందని డీన్ కనుగొన్నారు. మన లెక్కల్లో సరళరేఖ వాడటానికి ఇది బలమిచ్చింది. అయితే 'పరిశీలించిన పరిధిలో' అనే మాటను మరచిపోకండి. సంబంధిత పరిధి దాటితే కొత్త షెడ్డు, కొత్త యంత్రం, కొత్త సూపర్‌వైజరు కావాలి. స్థిర వ్యయం మెట్టులా పైకి లేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
అ) పై యూనిట్‌లో సరిచేసిన సూత్రం ప్రకారం 3,000 గంటలకు వ్యయం ఎంత?
ఆ) డీన్ ఫలితాన్ని ఏ పరిమితికి లోబడి ఉపయోగించాలి?

8. మన దేశంలో

మన దేశంలో కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ 1944లో ఏర్పడింది. 1959లో పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో దానికి చట్టబద్ధత లభించింది. 1965లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ ద్వారా, నిర్దేశించిన పరిశ్రమలలో కాస్ట్ రికార్డులకు, కాస్ట్ ఆడిట్‌కు వీలు కలిగింది. ప్రస్తుతం 2013 కంపెనీల చట్టంలోని 148వ సెక్షన్ దీనికి ఆధారం.

బయటివారికి చూపే ఆర్థిక నివేదికల విషయంలో మాత్రం మన ప్రమాణాలు పూర్తి వ్యయ పద్ధతినే అనుసరిస్తాయి. సరుకు నిల్వలకు సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణం 2 ప్రకారం, స్థిర ఉత్పత్తి ఓవర్‌హెడ్‌లను సాధారణ సామర్థ్యం ఆధారంగా నిల్వలకు పంచాలి. ఉత్పత్తి తగ్గినంత మాత్రాన యూనిట్‌కు పడే వాటాను పెంచరాదు. మిగిలిపోయిన మొత్తాన్ని ఆ కాలపు ఖర్చుగా చూపాలి. మన ఉదాహరణలోని రెండవ నెల మాదిరిగా యూనిట్‌కు రూ. 75 వేయడానికి ఇది అడ్డుకట్ట. ప్రమాణం ఉపాంత వ్యయ పద్ధతిని అంగీకరించకపోయినా, స్థిర, చర విభజన లేకుండా ఆ ప్రమాణాన్ని అమలు చేయడం సాధ్యం కాదు.

1980ల చివర రాబిన్ కూపర్, రాబర్ట్ కాప్లన్ కార్యకలాపాల ఆధారిత వ్యయ పద్ధతిని ముందుకు తెచ్చారు. యూనిట్ల సంఖ్యతో మారని ఖర్చు బ్యాచ్‌ల సంఖ్యతోనో, తయారుచేసే రకాల సంఖ్యతోనో మారవచ్చు అని వారు చూపారు. ఫింక్ స్టేషన్ ఖర్చును, మైలు ఖర్చును వేరుచేసింది మీకు ఇక్కడ గుర్తుకు రావాలి.

9. కూలి స్థిరమా, చరమా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. క్లార్క్ తన గ్రంథంలో శ్రమను కూడా ఒక ఓవర్‌హెడ్ వ్యయంగా చర్చించారు. పని ఉన్నా లేకపోయినా కార్మికుడు తినాలి, పిల్లలను పోషించాలి. సమాజం వైపు నుండి చూస్తే ఆ ఖర్చు స్థిరమైనదే. పని లేనప్పుడు కార్మికుణ్ణి పంపివేసే స్వేచ్ఛ ఉన్న యజమాని పుస్తకంలో మాత్రం అది చర వ్యయంగా కనిపిస్తుంది. ఖర్చు మాయం కాలేదు. కార్మికుని ఇంటికి బదిలీ అయింది.

మన చట్టాలు ఈ గీతను అటూ ఇటూ జరుపుతూ వచ్చాయి. 1976లో పారిశ్రామిక వివాదాల చట్టానికి చేర్చిన అధ్యాయం ప్రకారం, 300 మంది లేదా అంతకు మించి కార్మికులున్న కర్మాగారాల వంటి సంస్థల్లో లే-ఆఫ్‌కు, రిట్రెంచ్‌మెంట్‌కు ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. 1982 సవరణ ఆ సంఖ్యను 100కు తగ్గించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ తిరిగి 300గా పేర్కొంది. ఒక్క అంకె మారితే, అదే కార్మికుని వేతనం ఒక సంస్థలో స్థిర వ్యయానికి దగ్గరవుతుంది, మరొక సంస్థలో చర వ్యయానికి దగ్గరవుతుంది.

మరోవైపు నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఇంటి గడపలో కూర్చుని బీడీలు చుట్టే మహిళను తలచుకోండి. ఆమెకు వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు, తంబాకు రాని రోజున కూలి లేదు. కంపెనీ లెక్కలో ఇది నూటికి నూరుపాళ్లు చర వ్యయం. పాఠ్యపుస్తకంలోని నిర్వచనానికి ఇంత చక్కగా సరిపోయే ఉదాహరణ మరొకటి దొరకదు. ఆమె ఇంటి బియ్యం, పిల్లల ఫీజు మాత్రం ఆమెకు స్థిర వ్యయాలే.

కాబట్టి కౌన్సెలింగ్ తరగతిలో ఆ ప్రశ్న అడిగిన విద్యార్థికి నా జవాబు ఇది. పరీక్షలో ప్రశ్న వేరే విధంగా చెప్పకపోతే ప్రత్యక్ష కూలిని చర వ్యయంగానే తీసుకోండి. ఉద్యోగంలో చేరి ఇదే గీత గీయవలసి వచ్చినప్పుడు మాత్రం, ఏ నిర్ణయం కోసం, ఎంత కాలానికి, ఎవరి వైపు నుండి అని మూడుసార్లు అడిగి ఆ తరువాత గీయండి.

10. సారాంశం

భారీ స్థిర పెట్టుబడి గల రైల్వేలు స్థిర, చర వ్యయాల విభజనకు తొలి అవసరాన్ని కలిగించాయి. లార్డ్‌నర్ ఛార్జీల కోసం, ఫింక్ మార్గాలవారీ వ్యయం కోసం, హాప్కిన్సన్ విద్యుత్ టారిఫ్ కోసం, గార్కే, ఫెల్స్ ఫ్యాక్టరీ ఖాతాల కోసం, హారిస్ నెలవారీ లాభం కోసం వ్యయాలను విడదీశారు. క్లార్క్ వేరువేరు ప్రయోజనాలకు వేరువేరు వ్యయాలు అవసరమని స్థాపించారు. విడదీసే పద్ధతి ఏదైనా, అంకెల వెనుక జరిగిన పనిని తెలుసుకోకుండా ప్రయోగిస్తే తప్పు ఫలితమే వస్తుంది. స్థిరత్వం ఖర్చుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కాలం, పరిధి, నిర్ణయం, ఒప్పందం దానిని నిర్ణయిస్తాయి.

11. మీ ప్రగతిని సరిచూసుకోండి - జవాబులు

1. అ) సరుకు పరిమాణాన్ని బట్టి. ఆ) సరఫరాకు సిద్ధంగా ఉండడానికి అయ్యే ఖర్చు, నిజంగా సరఫరా చేసినందుకు అయ్యే ఖర్చు.
2. అ) 60,000 + (3,000 × 20) = రూ. 1,20,000. ఆ) పరిశీలించిన ఉత్పత్తి పరిధికి లోబడి.

12. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్థిర, చర వ్యయాల విభజన ఆవిర్భావానికి రైల్వేలు, విద్యుత్ సంస్థలు ఎలా దోహదం చేశాయో చర్చించండి.
2. 'ఉత్పత్తి పెంచి లాభం పెంచినట్లు చూపవచ్చు.' పూర్తి వ్యయ పద్ధతికి సంబంధించిన ఈ విమర్శను సొంత అంకెలతో వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అత్యధిక-అత్యల్ప పద్ధతి పరిమితులు రాయండి.
2. ఒక పల్లెకు రోజూ వెళ్లి వచ్చే బస్సు డీజిలు, టైర్ల ఖర్చును రాబట్టుతోంది కాని మొత్తం వ్యయాన్ని రాబట్టడం లేదు. ఆ సర్వీసును రద్దు చేయాలా? రేపటి నిర్ణయంగాను, పాత బస్సు స్థానంలో కొత్త బస్సు కొనవలసిన నాటి నిర్ణయంగాను వేరువేరుగా పరిశీలించండి.